ఏటీఎం ఫీజు: మేడ్చల్‌లో 23 రూపాయలు, మరి అమెరికాలో, దుబాయ్‌లో ఎంత?

ఈరోజు టాపిక్ చిన్నదే, కానీ ప్రతి నెలా మన జేబులోంచి చప్పుడు చేయకుండా డబ్బులు లాగే టాపిక్. ఏటీఎం ఫీజు.

"యూపీఐ ఉండగా ఏటీఎం గురించి ఎవరు చూస్తారు బ్రో" అనుకుంటున్నారు కదా. నిజమే, 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే యూపీఐ లావాదేవీలు 2000 కోట్లు దాటాయి. పానీపూరీ బండి మీద కూడా స్కానర్ ఉంది. కానీ జీతం పడిన రోజు సాయంత్రం మేడ్చల్ ఇండస్ట్రియల్ ఏరియా వైపు వెళ్లి ఒకసారి ఏటీఎం ముందు లైన్ చూడండి. రూమ్ అద్దె క్యాష్, చిట్టీ క్యాష్, కూలీ క్యాష్. అంటే క్యాష్ ఎక్కడికీ పోలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. మన ఏరియా మ్యాప్ ఒకసారి ఊహించుకోండి. మేడ్చల్ మీదుగా 44వ నంబర్ జాతీయ రహదారి నిజామాబాద్ వైపు పోతుంది. శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి కరీంనగర్ వైపు పోతుంది. ఈ రెండు రోడ్లూ ఎక్కడికి పోతున్నాయి? గల్ఫ్‌కి ఎక్కువ మందిని పంపిన జిల్లాలకి. మరోపక్క మన దగ్గరే మైసమ్మగూడ, కండ్లకోయ చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు, శామీర్‌పేటలో బిట్స్ పిలానీ క్యాంపస్, నల్సార్ ఉన్నాయి. అక్కడి నుంచి ప్రతి సంవత్సరం ఎంతోమంది బ్యాగ్ సర్దుకుని అమెరికా, యూకే, జర్మనీ, ఆస్ట్రేలియా వెళ్తున్నారు. కాబట్టి ఈ వీడియో ఇక్కడ ఉన్నవాళ్లకీ, రేపు ఫ్లైట్ ఎక్కేవాళ్లకీ, ఇద్దరికీ.

ముందు బేసిక్ పాయింట్. మీ కార్డు ఒక బ్యాంకుది, మెషీన్ ఇంకో బ్యాంకుది అనుకోండి. మీరు క్యాష్ తీశారు. అప్పుడు వెనకాల ఏం జరుగుతుంది? ఆ మెషీన్ పెట్టిన బ్యాంకు ఏం చేసింది? గది అద్దె కట్టింది, ఏసీ పెట్టింది, నోట్లు నింపే వ్యాన్‌కి డబ్బులిచ్చింది. మరి మీరు ఆ బ్యాంకు కస్టమర్ కాదు కదా. అందుకే మీ బ్యాంకు, ఆ బ్యాంకుకి కొంత డబ్బు ఇస్తుంది. దాన్ని ఇంటర్‌చేంజ్ ఫీజు అంటారు. మన దేశంలో 2025 మే 1 నుంచి అది క్యాష్ తీస్తే 19 రూపాయలు, బ్యాలెన్స్ చూడటం లాంటి వాటికి 7 రూపాయలు. అంతకుముందు 17, 6 ఉండేది.

అంటే మీకు "ఫ్రీ" అని కనిపించే లావాదేవీ కూడా ఫ్రీ కాదు. మీ బదులు మీ బ్యాంకు కడుతోంది. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి, వీడియో మొత్తం దీని మీదే నడుస్తుంది. ప్రపంచంలో ఏ దేశమైనా ప్రశ్న ఒకటే: ఆ మెషీన్ ఖర్చు ఎవరు మోస్తారు? మీరా, మీ బ్యాంకా, మెషీన్ ఓనరా? ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పింది. ఫీజుల్లో తేడా అంతా అక్కడే వచ్చింది.

ఇక్కడ మనం హైదరాబాదోళ్లం కాస్త గర్వపడే విషయం ఒకటి చెప్పాలి. ఏ బ్యాంకు కార్డు అయినా ఏ బ్యాంకు మెషీన్‌లో అయినా పనిచేసేలా కలిపే నెట్‌వర్క్ పేరు నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్. దాన్ని 2004లో మొదలుపెట్టింది మన మాసాబ్‌ట్యాంక్ దగ్గర ఉన్న ఐడీఆర్‌బీటీ. అది రిజర్వ్ బ్యాంక్ 1996లో పెట్టిన సంస్థ. తర్వాత 2009 డిసెంబర్‌లో ఆ స్విచ్‌ని ఎన్‌పీసీఐ తీసుకుంది. అదే ఎన్‌పీసీఐ 2016లో యూపీఐ తెచ్చింది. ఇంకో సరదా విషయం: ప్రపంచంలో మొదటి క్యాష్ మెషీన్‌గా చెప్పుకునేది 1967 జూన్ 27న లండన్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో బార్‌క్లేస్ బ్యాంకు పెట్టింది. దాని వెనకాల ఉన్న జాన్ షెపర్డ్ బారన్ పుట్టింది మన దేశంలోనే, షిల్లాంగ్‌లో. మన దేశానికి ఏటీఎం వచ్చింది మాత్రం 1987లో, ముంబైలో, హెచ్‌ఎస్‌బీసీ ద్వారా.

సరే, ఫీజు దగ్గరికి వద్దాం. మన దేశంలో ఈ రూల్ ఎలా మారుతూ వచ్చిందో చూడండి, ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది. 2008లో రిజర్వ్ బ్యాంక్ "వేరే బ్యాంకు మెషీన్‌లో క్యాష్ తీస్తే 20 రూపాయలకి మించి తీసుకోవద్దు" అంది. 2009 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా ఫ్రీ చేసింది. ఎన్నిసార్లైనా, ఏ మెషీన్‌లోనైనా ఫ్రీ. ఎంత కాలం నడిచింది? ఆరున్నర నెలలు. అదే ఏడాది అక్టోబర్ 15 నుంచి నెలకి ఐదుసార్లు అని లిమిట్ వచ్చింది. 2014 నవంబర్ 1 నుంచి ఆరు మెట్రో నగరాల్లో ఐదు కాస్తా మూడు అయింది. ఆ ఆరు ఏవంటే ముంబై, ఢిల్లీ, చెన్నై, కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్. లిమిట్ దాటితే ఫీజు 20 ఉండేది, 2022 జనవరి నుంచి 21, 2025 మే 1 నుంచి 23 రూపాయలు. పైన జీఎస్టీ 18 శాతం. మొత్తం 27 రూపాయల 14 పైసలు. ఇది బ్యాంకు తీసుకోగల గరిష్ఠం. కొన్ని బ్యాంకులు, కొన్ని అకౌంట్లకి ఇంకా తక్కువ తీసుకుంటాయి, లేదా ఫ్రీగా ఇస్తాయి.

ఇప్పుడు మన ఏరియా మెలిక. మెట్రోలో మూడు, మెట్రో బయట ఐదు అన్నాం. మరి మేడ్చల్ మెట్రోనా? శామీర్‌పేట మెట్రోనా? తుర్కపల్లిలో ఉన్న మెషీన్ ఏ లెక్క? మనల్ని ఎవరైనా అడిగితే "హైదరాబాద్" అనే చెప్తాం. కానీ బస్సులో కూర్చుని "సిటీకి పోతున్నా" అంటాం. మనకే క్లారిటీ లేదు! దీనికి జవాబు మీ ఆధార్ అడ్రస్‌లో లేదు, మీ అకౌంట్ ఉన్న బ్రాంచ్‌లో కూడా లేదు. మెషీన్ ఎక్కడుందో దాన్ని బట్టి లెక్క. ఆ మెషీన్ మెట్రోనా, నాన్ మెట్రోనా అన్నది అక్కడే కస్టమర్‌కి తెలిసేలా చూపించాలని రిజర్వ్ బ్యాంక్ 2014లోనే బ్యాంకులకి చెప్పింది. తెర మీద మెసేజ్ అయినా, గోడ మీద స్టిక్కర్ అయినా సరే. ఈసారి ఏటీఎం గదిలోకి వెళ్లినప్పుడు ఆ స్టిక్కర్ వెతకండి. లేకపోతే బ్యాంకుని అడగండి, అడిగే హక్కు మనకుంది.

ఆ స్టిక్కర్ విలువ ఎంతో లెక్క వేద్దాం. ఒక ఫ్యాక్టరీలో పనిచేసే అన్న ఉన్నాడనుకోండి. ఆయన బ్యాంకు మెషీన్ రూమ్ దగ్గర లేదు. నెలలో ఎనిమిదిసార్లు, ఒక్కోసారి 500 చొప్పున పక్క బ్యాంకు మెషీన్‌లో తీశాడు. నాన్ మెట్రో అయితే ఐదు ఫ్రీ, మూడింటికి ఫీజు. 81 రూపాయల 42 పైసలు. మెట్రో అయితే మూడు ఫ్రీ, ఐదింటికి ఫీజు. 135 రూపాయల 70 పైసలు. ఒక్క స్టిక్కర్‌కి నెలకి 54 రూపాయల తేడా.

ఇంకో కోణం చూడండి. 500 తీస్తే 27 రూపాయలు పోవడం అంటే ఐదు శాతం పైనే. అదే 10,000 తీస్తే పావు శాతం. ఫీజు ఒకటే, కానీ భారం ఒకటి కాదు. పెద్ద మొత్తం తీయగలిగినవాడికి అది చిల్లర. రూమ్‌లో నలుగురితో ఉంటూ, డబ్బు చేతిలో ఉంచుకుంటే పోతుందేమో అని 500, 500 తీసుకునే మనిషికి అది ఒక పూట భోజనం. గుండుగుత్తగా వేసే ఏ ఫీజుకైనా ఉన్న గుణమే ఇది. ఎవరి దగ్గర తక్కువ ఉందో వాళ్ల దగ్గరే ఎక్కువ శాతం గుంజుతుంది.

మరి బయటి దేశాల్లో ఎలా ఉంది? అమెరికాతో మొదలుపెడదాం, మనోళ్లు ఎక్కువ వెళ్లేది అక్కడికే కాబట్టి. అక్కడ ఫీజు రెండువైపుల నుంచి పడుతుంది. ఒకటి, మెషీన్ ఓనర్ తీసుకునే సర్‌చార్జ్. రెండు, "నా మెషీన్ వదిలేసి పక్కింటి మెషీన్ దగ్గరికి ఎందుకు వెళ్లావ్" అని మీ సొంత బ్యాంకు వేసేది. 1996 ఏప్రిల్‌లో వీసా, మాస్టర్‌కార్డ్ నెట్‌వర్క్‌లు సర్‌చార్జ్ మీద ఉన్న నిషేధం తీసేశాయి, అప్పటి నుంచి దేశమంతా మొదలైంది. 2024లో బ్యాంక్‌రేట్ అనే సంస్థ చేసిన సర్వేలో రెండూ కలిపి సగటు 4 డాలర్ల 77 సెంట్లు. అందులో మెషీన్ ఓనర్‌ది 3.19, సొంత బ్యాంకుది 1.58. అంటే అమెరికా జవాబు: "వాడినవాడే కట్టాలి, ఇద్దరికీ కట్టాలి."

బ్రిటన్ జవాబు దీనికి పూర్తిగా రివర్స్. అక్కడ లింక్ అనే నెట్‌వర్క్ ఉంది, మన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ లాంటిది. అక్కడి బ్యాంకు అకౌంట్ ఉంటే, వేరే బ్యాంకు మెషీన్‌లో తీసినా చాలావరకు ఫ్రీ. లెక్క కూడా లేదు, ఎన్నిసార్లైనా. ఫీజు తీసుకునే ప్రైవేట్ మెషీన్లు ఉన్నాయి, చిన్న దుకాణాల్లో, పబ్బుల్లో. కానీ ఎంత తీసుకుంటాయో ముందే తెర మీద చెప్పాలి.

ఆస్ట్రేలియా కథ సినిమాలా ఉంటుంది. 2009 మార్చిలో అక్కడి రిజర్వ్ బ్యాంక్ ఏమందంటే, "వెనకాల బ్యాంకుల మధ్య ఇంటర్‌చేంజ్ వద్దు, మెషీన్ ఓనరే కస్టమర్‌కి నేరుగా ఫీజు చూపించి తీసుకోవాలి." ఎనిమిదేళ్లు అలా నడిచింది. 2017 సెప్టెంబర్ 24, ఆదివారం రోజు కామన్వెల్త్ బ్యాంక్ "మా మెషీన్లలో ఎవరికీ ఫీజు లేదు" అని ప్రకటించింది. మిగతా మూడు పెద్ద బ్యాంకులు అదే రోజు వెంటపడి మేము కూడా అన్నాయి. బాగుంది కదా? కానీ సెకండ్ హాఫ్ కూడా చూడాలి. ఆ తర్వాత సంవత్సరాల్లో బ్యాంకులు మెషీన్లు తగ్గించుకుంటూ వచ్చాయి. జనం కార్డులకి మళ్లడం ఒక కారణం, మెషీన్ మీద ఆదాయం లేకపోవడం ఇంకో కారణం. ఫీజు పోయింది, మెల్లగా మెషీన్ కూడా పోతోంది.

యూరప్‌లో ఇంకో మంచి రూల్ ఉంది. 2002 జులై 1 నుంచి, యూరో వాడే దేశాల మధ్య కార్డుతో క్యాష్ తీస్తే, సొంత దేశంలో తీసినప్పుడు మీ బ్యాంకు ఎంత తీసుకుంటుందో అంతే తీసుకోవాలి. దేశం దాటావని అదనం వేయకూడదు. కానీ జర్మనీ వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటి గమనించాలి. అక్కడ మీ బ్యాంకు గ్రూపులో లేని మెషీన్ వాడితే ఆ మెషీన్ ఓనర్ 4, 5 యూరోలు తీసుకోవడం మామూలే. కాబట్టి అకౌంట్ తెరిచే ముందు, ఆ బ్యాంకు మెషీన్లు మీ యూనివర్సిటీ దగ్గర ఉన్నాయో లేదో చూసుకోండి.

జపాన్‌లో అయితే టైమ్‌కి ఫీజు! చాలా బ్యాంకుల్లో పగలు సొంత బ్యాంకు మెషీన్‌లో ఫ్రీ, సాయంత్రం ఆరు దాటితే 110 యెన్‌లు. మన దగ్గర ఆటోకి నైట్ చార్జ్ ఉన్నట్టు అన్నమాట. థాయ్‌లాండ్ చాలామంది ట్రిప్‌కి వెళ్తున్నారు కదా, అక్కడ విదేశీ కార్డు పెడితే ఒక్కసారికి 220 బాత్‌లు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ. మన డబ్బుల్లో 550 దాటుతుంది. 1000 బాత్‌లు తీస్తే 22 శాతం అక్కడే పోయింది. 20,000 బాత్‌లు ఒకేసారి తీస్తే ఒక శాతం చిల్లర.

ఇక దుబాయ్. అక్కడి బ్యాంకు అకౌంట్ ఉన్నవాళ్లకి ఆ దేశంలోనే వేరే బ్యాంకు మెషీన్ వాడితే సాధారణంగా 2 దిర్హాంల చుట్టూ ఉంటుంది. మన 27 రూపాయల కంటే ఎక్కువ, పైగా చాలాసార్లు మొదటిదాని నుంచే పడుతుంది. క్యాంపులో ఉండే అన్నలకి ఇది తెలుసు, అందుకే జీతం పడిన రోజు సొంత బ్యాంకు మెషీన్ దగ్గర అంత పెద్ద లైన్.

ఇప్పుడు అసలు దెబ్బ ఎక్కడ తగులుతుందో చెప్తా. ఇక్కడి కార్డు తీసుకెళ్లి అక్కడి మెషీన్‌లో పెట్టినప్పుడు. అప్పుడు ఒక ఫీజు కాదు, నాలుగు పడతాయి. ఒకటి, మెషీన్ ఓనర్ సర్‌చార్జ్. రెండు, మన బ్యాంకు ఒక్కో విత్‌డ్రాయల్‌కి వేసే ఫిక్స్‌డ్ ఫీజు, చాలా బ్యాంకుల్లో 100 నుంచి 150 రూపాయలు. మూడు, కరెన్సీ మార్చినందుకు మార్కప్, చాలా డెబిట్ కార్డుల మీద మూడు, మూడున్నర శాతం. నాలుగు, ఈ బ్యాంకు ఫీజుల మీద జీఎస్టీ.

లెక్క చేద్దాం. డాలర్ 90 రూపాయలు అనుకుందాం, లెక్క సులువు కోసం. అమెరికాలో దిగిన తమ్ముడు 100 డాలర్లు తీశాడు. మెషీన్ 3.50 డాలర్లు కలిపింది. 103.50 డాలర్లు, అంటే 9315 రూపాయలు. మార్కప్ మూడున్నర శాతం, 326 రూపాయలు. ఫిక్స్‌డ్ ఫీజు 150. ఈ రెండింటి మీద జీఎస్టీ 86. మొత్తం అకౌంట్‌లోంచి పోయింది 9877. చేతికి వచ్చింది 9000 విలువైన డాలర్లు. 877 రూపాయలు గాల్లో కలిశాయి. దాదాపు పది శాతం!

అదే తమ్ముడు నాలుగుసార్లు 100 తీస్తే 3508 రూపాయలు పోతాయి. ఒకేసారి 400 తీస్తే? మెషీన్ ఫీజు ఒక్కసారే, ఫిక్స్‌డ్ ఫీజు ఒక్కసారే. సుమారు 1992 రూపాయలు పోతాయి. అంటే 1500 మిగిలాయి. ఇంట్లో అమ్మానాన్న ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ కడుతుంటే, ఈ 1500 చిన్న మొత్తం కాదు కదా.

దీని మీద ఇంకో ట్రాప్ ఉంది, దయచేసి ఈ పార్ట్ స్కిప్ చేయకండి. విదేశీ మెషీన్ తెర మీద మీకు చాలా మర్యాదగా ఒక ప్రశ్న వస్తుంది: "మీ ఖాతా నుంచి రూపాయల్లో తీసుకోమంటారా?" పక్కన ఒక రేటు చూపిస్తుంది. మన రూపాయి గుర్తు కనబడగానే మనసుకి హాయిగా ఉంటుంది, ఓకే నొక్కేస్తాం. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు, షార్ట్‌గా డీసీసీ. అక్కడ రేటు నిర్ణయించేది వీసా కాదు, మీ బ్యాంకు కాదు, ఆ మెషీన్ వాళ్లు. వాళ్లకి లాభం కలుపుకుని రేటు వేస్తారు. పైగా కొన్ని మన బ్యాంకులు డీసీసీ లావాదేవీ మీద కూడా విడిగా ఫీజు వేస్తాయి. కాబట్టి ఎప్పుడూ ఆ దేశం కరెన్సీనే ఎంచుకోండి. డాలర్ దేశంలో డాలర్, దిర్హాం దేశంలో దిర్హాం, యూరో దేశంలో యూరో. దుకాణంలో కార్డు గీకినప్పుడు కూడా ఇదే రూల్. యూరోపియన్ యూనియన్ 2019లో దీనికోసమే ఒక నిబంధన తెచ్చింది, ఎంత మార్జిన్ వేస్తున్నారో కస్టమర్‌కి చూపించాలని. అంటే సమస్య ఎంత పెద్దదో అర్థం చేసుకోండి.

వెళ్లేవాళ్లకి టకటకా చెప్తా, నోట్ చేసుకోండి.

మొదటిది. ఫ్లైట్ ఎక్కే ముందే కార్డులో ఇంటర్నేషనల్ ఆప్షన్ ఆన్ చేయండి. 2020 అక్టోబర్ నుంచి కొత్త కార్డులు దేశంలో వాడటానికే ఆన్ అయి వస్తాయి. విదేశాల్లో పనిచేయాలంటే బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసి, లిమిట్ పెట్టుకోవాలి. ఓటీపీ కోసం ఇండియా సిమ్ రోమింగ్ పనిచేస్తుందో లేదో కూడా చూసుకోండి.

రెండోది. క్రెడిట్ కార్డుతో క్యాష్ తీయకండి. దేశంలో అయినా, బయట అయినా. క్యాష్ అడ్వాన్స్ ఫీజు విడిగా, వడ్డీ మొదటి రోజు నుంచే. కొన్న వస్తువుకి ఉండే నలభై, యాభై రోజుల గడువు క్యాష్‌కి ఉండదు.

మూడోది. మొదటి వారాల ఖర్చుకి ఫారెక్స్ కార్డు, కొంచెం చేతి క్యాష్ పెట్టుకోండి. ఫారెక్స్ కార్డులో ముందే డాలర్లు లోడ్ చేస్తాం కాబట్టి ప్రతిసారీ మార్కప్ పడదు, ఏటీఎం ఫీజు మాత్రం విడిగా ఉంటుంది. అక్కడ దిగాక వీలైనంత త్వరగా అక్కడి బ్యాంకు అకౌంట్ తెరవండి. ఆ తర్వాత ఆ బ్యాంకు సొంత మెషీన్లే వాడండి. అమెరికాలో వాల్‌మార్ట్ లాంటి దుకాణాల్లో డెబిట్ కార్డుతో సామాన్లు కొన్నప్పుడు "క్యాష్ బ్యాక్" అడిగితే కొంత క్యాష్ చేతికిస్తారు. మన యాప్‌ల రివార్డ్ కాదు, మీ సొంత డబ్బే నోట్ల రూపంలో. చాలాచోట్ల దానికి ఫీజు లేదు.

ఇక్కడ ఉన్నవాళ్లకి కూడా చెప్తా. బ్యాలెన్స్ చూడటానికి వేరే బ్యాంకు మెషీన్ దగ్గరికి వెళ్లకండి. క్యాష్ తీసినా, బ్యాలెన్స్ చూసినా, మినీ స్టేట్‌మెంట్ తీసినా, వేరే బ్యాంకు మెషీన్‌లో అన్నీ కలిపే ఆ మూడు లేదా ఐదు. యూపీఐ యాప్‌లో బ్యాలెన్స్ ఫ్రీగా కనిపిస్తుంది, బ్యాంకు మిస్డ్ కాల్ నంబర్ కూడా ఉంటుంది. స్మార్ట్‌ఫోన్ లేని నాన్నకి, పెద్దమ్మకి ఆ మిస్డ్ కాల్ నంబర్ సేవ్ చేసి ఇవ్వండి, పెద్ద హెల్ప్ అవుతుంది.

మెషీన్‌లో నోట్లు లేక, నెట్‌వర్క్ లేక, పిన్ తప్పు పడి లావాదేవీ ఫెయిల్ అయితే అది ఫ్రీ లెక్కలో కలపకూడదు. 2019 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ క్లియర్‌గా చెప్పింది. స్టేట్‌మెంట్‌లో కలిపినట్టు కనిపిస్తే అడగండి. కానీ అకౌంట్‌లో డబ్బు లేకుండా 2000 కొట్టి డిక్లైన్ అయితే వేరే కథ, చాలా బ్యాంకులు దానికి 20, 25 రూపాయలు ప్లస్ జీఎస్టీ వేస్తాయి. కాబట్టి ముందు బ్యాలెన్స్ ఫోన్‌లో చూసి వెళ్లండి.

అకౌంట్‌లో డబ్బు కట్ అయింది, మెషీన్ నోట్లు ఇవ్వలేదు. అప్పుడేం చేయాలి? కంగారు పడొద్దు. లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లోపు డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకు మీకు పరిహారం ఇవ్వాలి, మీరు అడగకుండానే. ఇది 2019 సెప్టెంబర్ రూల్. స్లిప్ దాచుకోండి, మెషీన్ మీద ఉన్న ఐడీ నంబర్ ఫోటో తీసుకోండి, మీ బ్యాంకులో కంప్లైంట్ పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గర ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. హెల్ప్‌లైన్ 14448.

ఇంకొకటి, గల్ఫ్ కుటుంబాల కోసం. అన్న దుబాయ్‌లో ఉంటాడు, కార్డు వదినమ్మ దగ్గరో అమ్మ దగ్గరో ఉంటుంది, పిన్ కాగితం మీద రాసి పర్సులో ఉంటుంది. మెషీన్ దగ్గర "బాబూ, కొంచెం తీసి పెట్టు" అని తెలియని మనిషికి ఇస్తారు. ఇది ఫీజు కంటే పెద్ద ప్రమాదం. ఇంట్లో ఖర్చుకి అవసరమైన డబ్బు అమ్మ పేరున్న అకౌంట్‌కే నెలనెలా ట్రాన్స్‌ఫర్ చేయండి. ఆమె కార్డు ఆమెకి ఉంటే, ఆమె ఫ్రీ లావాదేవీలు కూడా ఆమెకే విడిగా ఉంటాయి.

సరే, చివరిగా నా అభిప్రాయం చెప్తా, మీరు ఒప్పుకోనక్కర్లేదు. "మొత్తం ఫ్రీ చేసేయండి" అనడం ఈజీ. కానీ మనం చూశాం, మన దేశంలో అది ఆరున్నర నెలలే నిలబడింది. ఆస్ట్రేలియాలో ఫీజు పోయాక మెషీన్లు తగ్గాయి. తుర్కపల్లి దాటి లోపలి ఊళ్లలో మెషీన్ ఉండాలంటే దాన్ని నడిపేవాడికి ఏదో ఒకటి గిట్టాలి. కాబట్టి ఇంటర్‌చేంజ్ 19 అవ్వడం మీద నాకు పెద్ద కోపం లేదు. నాకు సరిగ్గా అనిపించనిది ఏంటంటే, భారం పంచిన తీరు. సొంత డబ్బు ఎంత ఉందో చూసుకోవడం కూడా ఆ మూడింటిలో ఒకటిగా లెక్కపెట్టడం ఏంటి? 500 తీసినవాడికీ, 10,000 తీసినవాడికీ ఒకే 23 ఏంటి? బ్యాలెన్స్ చూడటాన్ని లెక్కలోంచి తీసేసి, చిన్న మొత్తాలకి తక్కువ ఫీజు పెడితే, మెషీన్ ఓనర్ నష్టపోకుండానే ఫ్యాక్టరీ అన్నకి కాస్త ఊపిరి దొరుకుతుంది. అలాగే మెట్రో, నాన్ మెట్రో గీత. రోజూ షిఫ్ట్‌కి బస్సెక్కే మనిషి మేడ్చల్‌లో ఒకసారి, సిటీలో ఒకసారి తీస్తాడు. ఆ గీత ఎక్కడుందో అతనికి ఎవరూ చెప్పరు, ఫీజు మాత్రం కట్ అవుతుంది.

ఈ వారం మీకు ఒక చిన్న పని. మీ బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి, పోయిన మూడు నెలల్లో ఏటీఎం పేరు మీద ఎంత కట్ అయిందో కూడండి. మీది అయ్యాక ఇంట్లోవాళ్లది కూడా చూడండి, ముఖ్యంగా స్టేట్‌మెంట్ ఎప్పుడూ చూడని వాళ్లది. ఎంత వచ్చిందో, మీ ఏరియా మెషీన్ మీద మెట్రో అని ఉందో, నాన్ మెట్రో అని ఉందో, అసలు ఏ స్టిక్కరూ లేదో కింద రాయండి. మేడ్చల్, శామీర్‌పేట, తూంకుంట, కొంపల్లి వాళ్లు తప్పకుండా రాయండి, మన ఏరియా లిస్ట్ మనమే తయారుచేసుకుందాం. ఫ్లైట్ ఎక్కబోయే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఆ డీసీసీ పార్ట్ వాళ్లకి పంపండి.

నెక్స్ట్ వీడియోలో గల్ఫ్ నుంచి ఇంటికి డబ్బు పంపేటప్పుడు రేటులో ఎక్కడ కట్ అవుతుందో చూద్దాం. అప్పటిదాకా బై, జాగ్రత్త, పిన్ ఎవరికీ చెప్పకండి.